కార్డు కంపెనీ మారితే కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయనక్కర్లేదు

నరసన్నపేట: పెళ్లి ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ ఫొటో స్టూడియోలు, డీటీపీ కేంద్రాల్లో కంప్యూటర్లపై పని భారం పెరుగుతుంది. ఆల్బమ్ డిజైన్, వీడియో ఎడిటింగ్ నెమ్మదించగానే యజమానులు గ్రాఫిక్స్ కార్డు మార్చే ఆలోచన చేస్తారు. ఒక కంపెనీ కార్డు తీసి మరో కంపెనీది అమర్చినప్పుడే చిక్కులు ఎక్కువ. తెర నల్లబడుతుంది, లేదా బొమ్మలు, అక్షరాలు సాగిపోయి కనిపిస్తాయి. ఫొటోషాప్ తెరిచిన వెంటనే మూసుకుపోతుంది. అప్పుడు సాధారణంగా వినిపించే సలహా ‘ఫార్మాట్ కొట్టేయండి’ అనే. డెస్క్‌టాప్‌పైన, మై డాక్యుమెంట్స్‌లో దాచిన ఫొటోలు మామూలుగా ఉండేది సీ డ్రైవ్‌లోనే. దాన్ని ఫార్మాట్ చేస్తే ఇంకా ఆల్బమ్ చేతికందని పెళ్లివారి ఫొటోలూ పోతాయి. ఇటువంటి చిక్కుల్లో ఎక్కువ వాటికి ఆ అవసరమే ఉండదు.

పాత డ్రైవరే కారణం

విండోస్ చెప్పిన పనిని కార్డుకు అర్థమయ్యేలా చేరవేసే సాఫ్ట్‌వేరే డ్రైవర్. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ కార్డుల నిర్మాణం వేరు కనుక డ్రైవర్లూ వేరే. పాత ఏటీఐ రేడియాన్ కార్డులు ఏఎండీ కోవలోకే వస్తాయి. ఏటీఐని ఆ సంస్థ 2006లో కొనుగోలు చేసింది. ఒకే కంపెనీలో పాతది తీసి కొత్తది పెడితే చాలాసార్లు డ్రైవర్‌ను తాజా పరిస్తే సరిపోతుంది. కంపెనీ మారితే పాత డ్రైవర్ తాలూకు సర్వీసులు, సెట్టింగులు, కంట్రోల్ ప్యానెల్ అలాగే మిగిలిపోతాయి. లేని కార్డు కోసం అవి వెతుకుతుంటే కొత్తదానికి ఆటంకం కలగవచ్చు. ప్రతిసారీ ఇలా జరుగుతుందని కాదు. కానీ ముహూర్తాల వేళ జరిగితే నష్టం పెద్దది. ఈ పనిని మూఢం రోజుల్లోనో, ఆషాఢంలోనో పెట్టుకోవడం మేలు.

కార్డు తీయకముందే

పాత కార్డు యంత్రంలో ఉండగానే సగం పని ముగించాలి. ముందుగా ఫొటోలను వేరే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాలి. కొత్త కార్డు డ్రైవర్‌ను తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచే దించుకుని పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. తర్వాత ఇంటర్నెట్ తీగ తీసేయాలి. లేకుంటే మనం పాతది తొలగిస్తుండగానే విండోస్ అప్‌డేట్ తనకు తోచిన డ్రైవర్‌ను ఎక్కించే ప్రమాదం ఉంది. ఆ పైన కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రాముల జాబితా నుంచి పాత డ్రైవర్‌ను తొలగించాలి.

అంతటితో పోని అవశేషాలకు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దీన్నే డీడీయూ అంటారు. దీన్ని సేఫ్ మోడ్‌లో నడపాలి. శుభ్రం చేసి కంప్యూటర్‌ను ఆపివేసే ఏర్పాటు ఇందులో కొత్త కార్డు అమర్చేవారి కోసమే ఉంది. ఏఎండీ డ్రైవర్లు తొలగించేందుకు ఆ సంస్థే ఒక క్లీనప్ యుటిలిటీ ఇస్తోంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లే ముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. అక్కడ పిన్ పనిచేయకపోవచ్చు కనుక అసలు పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోవాలి. అది లేక సొంత కంప్యూటరే తెరుచుకోకపోతే చేయగలిగింది స్వల్పం.

కరెంటు తీగ పూర్తిగా తీసిన తర్వాతే కార్డు మార్చాలి. మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాక కొత్త కార్డుకే తగిలించాలి. చాలా ‘నల్ల తెర’ ఫిర్యాదుల మూలం ఇక్కడే! మొదట తెర నాణ్యత తక్కువగా కనిపించినా కంగారు పడనక్కర్లేదు, విండోస్ సాధారణ డ్రైవర్‌తో నడుస్తోందని అర్థం. పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ ఎక్కించి, ఒకసారి రీస్టార్ట్ చేసి, ఆ తర్వాతే నెట్ కలపాలి. మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ ఉండాలి.

ఇప్పటికే కార్డు మార్చేసి ఇబ్బంది పడుతున్నవారు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఇదే విధంగా శుభ్రం చేసుకోవచ్చు. డివైస్ మేనేజర్‌లో దాగి ఉన్న పరికరాలను చూపించమంటే పాత కార్డు పేరు మసకగా కనిపిస్తుంది. దాన్నీ అక్కడే తొలగించవచ్చు.

రంగులు, సాఫ్ట్‌వేర్లు

స్టూడియోల వారు గమనించాల్సినది మరొకటి ఉంది. పాత కంట్రోల్ ప్యానెల్‌లో సరిచేసుకున్న రంగుల అమరిక దానితోపాటే పోతుంది. మానిటర్‌ను మళ్లీ సరిచూసి, ఒక పేజీ ప్రింటు తీసి పోల్చుకున్నాకే ఆల్బమ్ ల్యాబ్‌కు పంపాలి. ప్రీమియర్‌లో కుడా పద్ధతి ఎన్విడియాకే పరిమితం. ఏఎండీకి మారినవారు ఓపెన్‌సీఎల్‌ను ఎంచుకోవాలి.

పాత కార్డులు కొనేవారు డ్రైవర్ దొరుకుతుందో లేదో డబ్బు ఇవ్వకముందే చూసుకోవాలి. విశాఖ నుంచి తెచ్చుకున్నది వాపసు చేయాలంటే వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం. అను ఫాంట్ల కోసం పాత విండోస్‌నే నమ్ముకున్న డీటీపీ కేంద్రాలకు ఇది మరీ ముఖ్యం. 32 బిట్ విండోస్‌కు కొత్త డ్రైవర్లు ఇవ్వడాన్ని ఎన్విడియా 2018లోనే నిలిపివేసింది. జీటీఎక్స్ 900, 1000 శ్రేణులకు 2025 అక్టోబరు తర్వాత భద్రతా సవరణలు మాత్రమే, అవీ 2028 అక్టోబరు వరకే ఇస్తామని 2025లో ప్రకటించింది.