పదహారేళ్ల మెదడు... చదవడానికి ఒక జీవితకాలం

కౌమార మెదడు శాస్త్రం పదేళ్ల నుంచి పాతికేళ్ల దాకా మనిషి తలలో జరిగే మార్పులను, వాటికీ ఆ వయసు దుడుకుతనానికీ ఉన్న లంకెను పరిశీలిస్తుంది. మనస్తత్వశాస్త్రం, నాడీశాస్త్రం, సైకియాట్రీ, గణాంకశాస్త్రం కలిసే కూడలి ఇది. కుర్రవాడు బండిని వందకు పైన ఎందుకు తోలతాడు, మొదటి సిగరెట్టు ఎవరి పక్కన నిలబడి వెలిగిస్తాడు, అన్నీ తెలిసి కూడా ఆ పని ఎందుకు చేశాడు అని పెద్దలు విసుక్కుంటూ వేసే ప్రశ్నలే ఈ పరిశోధకులకు జీవితాంతం చేతినిండా పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కౌమారం అంటే 10 నుంచి 19 ఏళ్లు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో ఆ వయసువాళ్లు 25 కోట్ల పైమాటే. పొద్దున్నే గిద్దలూరు, కంభం, మార్కాపురం బస్టాండ్లలో కాలేజీ బస్సు కోసం నిలబడే పిలకాయలదీ ఆ వయసే.

ఈ వయసును శాస్త్రీయంగా చదవాలన్న ఆలోచనకు పునాది 1904లో పడింది. అమెరికా మనస్తత్వవేత్త జి. స్టాన్లీ హాల్ ఆ ఏడాది కౌమారం మీద రెండు సంపుటాల గ్రంథం అచ్చువేశాడు. ఆ తర్వాత చాలాకాలం మెదడు జోలికి ఎవరూ పెద్దగా వెళ్లలేదు. ఆరేళ్లు వచ్చేసరికే పిల్లల మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో తొంభై శాతం దాటిపోతుంది; ఇక పెరిగేదేముంది అనుకున్నారు. షికాగో విశ్వవిద్యాలయంలో పీటర్ హటన్‌లాకర్ మరణించినవాళ్ల మెదళ్ల నుంచి తీసిన పలుచటి పొరలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, నాడీకణాల మధ్య ఉండే సినాప్స్‌లను లెక్కించాడు. 1979లో ఆయన ప్రకటించిన లెక్కల్లో ఒక వింత కనిపించింది. నుదుటి వెనక ఉండే ముందరి మెదడులో పసివయసులో విపరీతంగా పుట్టుకొచ్చిన సినాప్స్‌లు పదహారేళ్ల నాటికి గణనీయంగా తగ్గిపోతున్నాయి.

బతికున్న పిల్లల్లో ఇదే సంగతి చూడటానికి ఎంఆర్‌ఐ రావాల్సి వచ్చింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం 1991లో మొదలుపెట్టి అవే పిల్లల తలలను సుమారు రెండేళ్లకోసారి స్కాన్ చేస్తూ పోయింది. 4 నుంచి 22 ఏళ్ల లోపు 145 మంది ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ముందరి మెదడులో గ్రే మ్యాటర్ ఆడపిల్లల్లో సుమారు పదకొండో ఏట, మగపిల్లల్లో పన్నెండో ఏట గరిష్ఠానికి చేరి, అక్కణ్నుంచి తగ్గుముఖం పట్టింది. తగ్గడమంటే నష్టం కాదు. ఒత్తుగా మొలిచిన జొన్నచేలో కొన్ని మొక్కలు పీకి పలచన చేస్తే మిగిలినవి ఏపుగా ఎదిగినట్టే, వాడకంలో ఉన్న లంకెలు నిలిచి, లేనివి తొలగిపోతాయి. నిలిచిన నరాల దారుల మీద మైలిన్ అనే కొవ్వుపొర మందమవుతుంది, సంకేతాలు వేగంగా పరుగెత్తుతాయి. ఈ పని మెదడంతా ఒకేసారి జరగదు. చూపు, కదలిక చూసుకునే భాగాలు ముందు కుదుటపడతాయి. ఆగి ఆలోచించే పని చూసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అన్నిటికన్నా ఆలస్యంగా, ఇరవైల్లోకి వచ్చాక గానీ ఒక కొలిక్కి రాదు.

దుడుకుతనం కథ ఇక్కడే మొదలవుతుంది. యవ్వనపు హార్మోన్లు పుంజుకునే వేళ, మెదడు లోతుల్లో బహుమతికి స్పందించే వెంట్రల్ స్ట్రయేటం డోపమైన్ తాకిడికి ఎక్కువగా కదులుతుంది. కొత్తదనం, గెలుపు, తోటివాళ్ల మెప్పు ఆ వయసులో తియ్యగా ఉన్నంతగా మరే వయసులోనూ ఉండవు. ఈ ఊపు ముందు వస్తుంది, పగ్గం తర్వాత వస్తుంది. ఈ రెంటి మధ్య ఎడాన్ని టెంపుల్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ స్టైన్‌బర్గ్, అప్పట్లో కార్నెల్‌లో ఉన్న బి.జె. కేసీ 2008 ప్రాంతంలో వేర్వేరుగా సిద్ధాంతాలుగా మలిచారు. తెలివితక్కువతనానికి ఇందులో చోటు లేదన్నది గమనించాలి. ప్రశాంతంగా కూర్చోబెట్టి అడిగితే పదహారేళ్లవాడు ప్రమాదాన్ని నలభై ఏళ్లవాడిలాగే అంచనా కడతాడు. తేడా అంతా రక్తం వేడెక్కినప్పుడే.

రక్తాన్ని వేడెక్కించేది ఎక్కువగా పక్కనున్న స్నేహితుడు. మార్గో గార్డ్‌నర్‌తో కలిసి స్టైన్‌బర్గ్ 2005లో ప్రకటించిన ప్రయోగం ఈ రంగంలో అందరూ ఉదహరించేది. 306 మందిని మూడు వయసులుగా విడదీసి కారు తోలే వీడియో గేమ్ ఆడించారు. పసుపు దీపం వెలిగాక ఎంతదూరం పోతే అన్ని పాయింట్లు. ఎర్రదీపం పడేసరికి ఆగకపోతే గోడకు గుద్దుకోవడమే. ఒంటరిగా ఆడినప్పుడు మూడు వయసులవాళ్లూ ఇంచుమించు ఒకలాగే ఆడారు. స్నేహితులు పక్కనుంటే 13 నుంచి 16 ఏళ్లవాళ్ల దూకుడు దాదాపు రెట్టింపైంది. 18 నుంచి 22 ఏళ్లవాళ్లలో సగం మేర పెరిగింది. 24 దాటినవాళ్లలో మార్పే లేదు. తర్వాత 2011లో జేసన్ చైన్ బృందం ఇలాంటి ఆటనే స్కానర్ లోపల ఆడించింది. పక్కగదిలో స్నేహితులు చూస్తున్నారని తెలిస్తే చాలు, కౌమారంలో ఉన్నవాళ్ల వెంట్రల్ స్ట్రయేటం చురుకెక్కింది. ముగ్గురెక్కిన బండి ఒక్కడు తోలే బండికన్నా ఎందుకు ప్రమాదమో దీన్ని చదివితే అర్థమవుతుంది. మూడో మనిషి బరువు ఒక్కటే కారణం కాదు. టెంపుల్ విశ్వవిద్యాలయం 2014లో ఎలుకలతో చేసిన పరీక్షలో కౌమారపు చిట్టెలుకలు సైతం తోటి ఎలుకల మధ్య ఉన్నప్పుడు ఎక్కువ సారా తాగాయి. పెంపకం సరిగా లేదని ఎలుకల్ని తప్పుపట్టలేం కదా.

ఈ రంగంలో ఒక విద్యావేత్త బతుకు ఎన్ని మలుపులు తిరుగుతుందో స్టైన్‌బర్గ్ ఉద్యోగ జీవితమే చెబుతుంది. 1977లో కార్నెల్‌లో డాక్టరేట్ పుచ్చుకున్నాడు. మొదటి పదేళ్లు మెదడు ఊసే లేదు. ఎలెన్ గ్రీన్‌బర్గర్‌తో కలిసి, చదువుకుంటూ పనికి పోయే పిల్లల మీద పనిచేశాడు. 1986లో వచ్చిన వాళ్ల పుస్తకం వారానికి ఇరవై గంటలు మించిన పని చదువునూ నడవడినీ దెబ్బతీస్తుందని వాదించి, పని చేస్తే బుద్ధి వస్తుందన్న అమెరికన్ నమ్మకాన్ని కదిలించింది. 1988లో టెంపుల్‌కు చేరాక 1997 నుంచి పదేళ్లు మెకార్థర్ ఫౌండేషన్ బాలనేరస్థుల పరిశోధక బృందానికి నాయకత్వం వహించాడు. ఆ శాస్త్రమే కోర్టు మెట్లెక్కింది. 2005 మార్చి 1న అమెరికా సుప్రీంకోర్టు, 18 ఏళ్ల లోపు చేసిన నేరానికి మరణశిక్ష చెల్లదని రోపర్ కేసులో 5-4 తేడాతో తేల్చింది. 2009లో స్టైన్‌బర్గ్‌కు దక్కిన క్లాస్ జేకబ్స్ పురస్కారం ఆ వరుసలో మొట్టమొదటిది.

పనికి పోయే పిల్లల సంగతి మార్కాపురానికి కొత్త కాదు. దేశంలోని బడిపిల్లలకు పలకలు అందించిన ఊరిలో ఆ పలకల్ని కోసి, నునుపు చేసినవాళ్లలో బడికి పోని పిల్లలూ ఉన్నారు. 1987 జాతీయ బాలకార్మిక విధానం కింద మొదటి విడత ప్రాజెక్టులకు ఎంపికైన చోట్లలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మందసౌర్ పలకల సరసన మార్కాపురం పేరూ చేరింది. 1996 డిసెంబర్ 10న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ముందుగా చక్కదిద్దాలన్న తొమ్మిది పరిశ్రమల్లోనూ మార్కాపురం పలకలున్నాయి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్ల లోపు పిల్లలకు దాదాపు అన్ని పనులనూ, 18 లోపు వాళ్లకు గనుల వంటి ప్రమాదకర పనులనూ నిషేధించింది. మందసౌర్‌లోనూ, మార్కాపురంలోనూ రాతిధూళి ఊపిరితిత్తులకు చేసిన చేటు తెలిసిందే. ఉల్లాసం కోసం ఎవరూ ఆ ధూళిని పీల్చలేదు. ఆ పిల్లలది పూటగడవడం కోసం తలకెత్తుకున్న ప్రమాదం. ప్రయోగశాల లెక్కల్లో 'రిస్క్' అన్న ఒకే మాట కింద ఈ రెండూ కలిసిపోతే పరిశోధనే దారి తప్పుతుంది.

ఈ తేడా అంతర్జాతీయ లెక్కల్లోనూ తేలింది. భారత్‌తో సహా 11 దేశాల్లో 10 నుంచి 30 ఏళ్ల మధ్యవారు 5,000 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2018లో వచ్చింది. ఉద్వేగం కోసం వెంపర్లాట దాదాపు అన్నిచోట్లా 19 ఏళ్ల ప్రాంతంలో తారస్థాయికి చేరింది. తనను తాను అదుపు చేసుకునే శక్తి ఇరవైల మధ్యదాకా పెరుగుతూ పోయింది. అదే సమాచారంతో నటాషా డ్యూయెల్ బృందం చేసిన మరో విశ్లేషణలో, ప్రయోగశాలలో కనబడిన తెగింపు దేశదేశానా ఒకే తీరున ఉన్నా, నిజజీవితంలో ఎంత తెగించారన్నది మాత్రం దేశానికో రకంగా ఉంది. అంటే ఊపు వయసుది. దాని ఖరీదు ఊరిది. చేతికి బండి అందుతుందా, బెల్టుషాపు ఎంత దూరం, సాయంత్రం ఆడుకోవడానికి గ్రౌండు ఉందా, ఆడపిల్లయితే పదో తరగతి తర్వాత చదివిస్తారా పెళ్లి చేస్తారా అన్నవి ఏ స్కానర్‌కీ చిక్కవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3.

తెలుగు నేల ఈ పరిశోధనలోకి నేరుగా అడుగుపెట్టింది సీవేదా ద్వారా. బెంగళూరు నిమ్హాన్స్‌లో వివేక్ బెనెగల్, లండన్ కింగ్స్ కాలేజీలో గుంటర్ షూమన్ సారథ్యం వహించిన ఈ భారత-బ్రిటన్ అధ్యయనం, మత్తుకూ దుందుడుకు ప్రవర్తనకూ దారితీసే కారణాలను చిన్నప్పటి నుంచీ వెతుకుతుంది. ఐసీఎంఆర్, బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి డబ్బు పెట్టాయి. ఏడు కేంద్రాల్లో ఒకటి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ ఆరోగ్య కేంద్రం. బెంగళూరు, మైసూరు, కోల్‌కతా, చండీగఢ్, ఇంఫాల్ పిల్లలతోపాటు రాయలసీమ పల్లె పిల్లలూ ఆ లెక్కలో చేరారు. మొత్తం మీద 9 వేల మందికి పైగా నమోదయ్యారు. తెర మీది బెలూన్‌ను ఊదుతూ, పేలేలోపు ఆగి పాయింట్లు దక్కించుకునే ఆట తెగింపును కొలిచే పరికరాల్లో ఒకటి. దాంతోపాటు కుటుంబం, బడి, తిండి, పీల్చే గాలి వివరాలు రాసుకున్నారు. కొంతమందికి స్కాన్లూ తీశారు.

ఇలాంటి పని ఇక్కడే ఎందుకు జరగాలో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది కొలబద్ద. స్కాన్‌లను సరిపోల్చడానికి వాడే నమూనా మెదడు చాలాకాలం పాశ్చాత్యులదే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో జయంతి శివస్వామి బృందం 2019లో వంద మంది భారతీయ యువకుల స్కాన్‌లతో అట్లాస్ తయారుచేసి, మన మెదళ్లు సగటున పొడవు, వెడల్పు, పరిమాణాల్లో పాశ్చాత్యుల కన్నా చిన్నవని చూపింది (దీనికీ తెలివికీ సంబంధం కలపడం తొందరపాటు). మరుసటేడు నిమ్హాన్స్ పరిశోధకులు 6 నుంచి 60 ఏళ్ల దాకా అయిదు వయసులకు వేర్వేరు భారతీయ నమూనాలు ఇచ్చారు. 12-18కి విడిగా ఒకటుంది.

రెండోది నీళ్లు. సీవేదాలోని వెయ్యిమందికి పైగా పిల్లలు, యువకుల సమాచారంతో 2023లో వచ్చిన విశ్లేషణ, తక్కువ మోతాదు ఆర్సెనిక్ కూడా ముందరి మెదడులో గ్రే మ్యాటర్ తగ్గడంతోనూ, పనులను అదుపులో పెట్టి నడిపే 'ఎగ్జిక్యూటివ్' సామర్థ్యాలు తగ్గడంతోనూ ముడిపడి ఉందని చూపింది. ఆ సామర్థ్యాల్లో ఒకటైన తమాయించుకోవడం కౌమార శాస్త్రానికి గుండెకాయ లాంటి అంశం కనుక, ఒంట్లోకి చేరే విషం గురించిన ప్రశ్న దుడుకుతనం ప్రశ్నగా మారుతుంది. మార్కాపురం చుట్టుపక్కల బోర్లలో ఆ స్థానం ఫ్లోరైడుది. గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు ఇక్కడ తరాలుగా చూస్తున్నవే. అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం 2024లో, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు పిల్లల్లో తక్కువ ఐక్యూతో ముడిపడి ఉందని, తమ నమ్మకం మధ్యస్థ స్థాయిలో ఉందని ప్రకటించింది. ఐక్యూ వేరు, తెగింపు వేరు. అయినా ఈ ప్రాంతం నుంచి ఎవరైనా ఈ రంగంలోకి వస్తే వాళ్ల పరిశోధనాంశం ఇంటి కుళాయి దగ్గరే ఉంది.

రావడానికి దారులు రెండు మూడున్నాయి. బైపీసీ పిల్లలు ఎంబీబీఎస్ మీదుగా సైకియాట్రీకి, లేదా డిగ్రీలో సైకాలజీ తీసుకుని నిమ్హాన్స్‌లో క్లినికల్ సైకాలజీకి పోవచ్చు. ఎంపీసీవాళ్లకు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని కాగ్నిటివ్ సైన్స్ ప్రయోగశాల, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉన్నాయి. స్కాన్‌లను విడమరిచే పనిలో సగం ప్రోగ్రామింగే. అసలు కష్టం ఓపిక. పదమూడేళ్ల పిల్లలు ఇరవై మూడేళ్లవాళ్లు కావడానికి పదేళ్లు పడుతుంది, ఏ గ్రాంటూ దాన్ని తొందరపెట్టలేదు. పీహెచ్‌డీకి దొరికేది అయిదేళ్లు. అందుకే కొత్తవాళ్లు తమకన్నా ముందు ఎవరో మొదలుపెట్టిన అధ్యయనాల్లో చేరతారు. అమెరికాలో 9-10 ఏళ్ల వాళ్లను దాదాపు 11,880 మందిని చేర్చుకున్న ఏబీసీడీ అధ్యయనం అలాంటిది. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడువేల మంది పిల్లల వెంట నడిచిన యంగ్ లైవ్స్ స్కాన్లు లేకుండానే అలాంటిది. ఈలోగా కుటుంబం బేల్దారి పనికి బెంగళూరు వెళ్లిపోతుంది, ఫోన్ నంబరు మారుతుంది, అమ్మాయికి పెళ్లై ఇంటిపేరు మారుతుంది. వాళ్లను వెతికి పట్టుకునే క్షేత్ర సిబ్బంది లేకపోతే ఏ ప్రొఫెసర్ పేరు మీదా ఏ పరిశోధనా పత్రం రాదు. పిల్లల సమ్మతీ కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సంతకంతోపాటు 7-12 ఏళ్లవాళ్ల నోటిమాట, ఆపై వయసువాళ్ల రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి.

సిద్ధాంతానికి ఎదురుచెప్పేవాళ్లూ ఉన్నారు. కౌమారంలో ఉన్న ఎక్కువమంది ఏ ప్రమాదంలోనూ పడకుండానే పెద్దవుతారని, తెగింపులో చాలాభాగం అనుభవం లేకపోవడమేనని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ రోమర్ వాదిస్తాడు. లండన్‌లోనూ ఆపై కేంబ్రిడ్జ్‌లోనూ పనిచేసిన సారా-జేన్ బ్లేక్‌మోర్ దృష్టిలో స్నేహితుల నుంచి వెలిపడటమే ఆ వయసుకు అన్నిటికన్నా పెద్ద రిస్కు. ఆమె మాట విన్నాక సిగరెట్టు వద్దనలేని కుర్రవాడు మరీ అంత మూర్ఖుడిగా కనిపించడు. పాతికేళ్లు అన్న గీత కూడా అంత గట్టిది కాదు. మెదడులో ఆ పుట్టినరోజున మూతపడే తలుపేదీ లేదు.

చట్టానికి మాత్రం గీత కావాలి. 2019 మోటారు వాహనాల చట్ట సవరణలోని 199ఎ సెక్షన్ మైనర్ నడిపిన వాహనానికి యజమానిని లేదా సంరక్షకుడిని బాధ్యుణ్ని చేసి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా విధిస్తుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వదు. 2015 బాలల న్యాయ చట్టం, ఘోర నేరం చేసిన 16-18 ఏళ్లవాళ్లను పెద్దలుగా విచారించాలా అన్నది తేల్చడానికి 15వ సెక్షన్ కింద ప్రాథమిక మదింపు పెట్టింది. నేరం చేయగల మానసిక, శారీరక శక్తి, పర్యవసానాలు అర్థం చేసుకునే సామర్థ్యం, నేరం జరిగిన పరిస్థితులు చూడాలి. ఇక్కడ శాస్త్రం వెనక్కి తగ్గుతుంది. వేలమంది సగటు గురించి చెప్పగలిగిన స్కాన్లు, ఎదురుగా నిలబడ్డ ఒక్క కుర్రవాడి గురించి తీర్పు చెప్పలేవు. ఆ మదింపు చేసే బాలల న్యాయ బోర్డులో బాలల మనస్తత్వంలో అర్హత ఉన్న సభ్యులు లేకపోతే అనుభవమున్న సైకాలజిస్టుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మదింపు స్కానర్‌తో కాదు, కుర్రవాడితో మాట్లాడి, ఇంటి పరిస్థితి, బడి రికార్డు, ఆ రోజు వెంట ఎవరున్నారో తెలుసుకుని చేస్తారు.