తాతకు లేని లావు మనుమడికెందుకు?

మన సభ్యుల ఇళ్లలో ఇది తరచు వినవచ్చే మాటే. తాతగారు బక్కపలచని మనిషి. తండ్రికి నలభై దాటాక పొట్ట వచ్చింది. మనుమడికి బడిలో ఉండగానే ఒళ్లు వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది ఉండవలసినదానికంటె ఎక్కువ బరువున్నారు.

కారణాలు కొన్ని తెలిసినవే. మోట తోలిన చేతులు మోటారు మీట నొక్కుతున్నాయి. జొన్నన్నం, రాగిసంగటి తగ్గి పాలిషు బియ్యం వచ్చింది. నూనె, పంచదార వాడకం పెరిగింది. పని తగ్గి తిండి పెరిగితే మిగిలినది కొవ్వుగా నిలవపడుతుంది. ఇందులో వింత లేదు.

అయితే అదే తిండి తిని, అదే పని చేసే ఇద్దరిలో ఒకరికే పొట్ట ఎందుకు వస్తుంది? వంశం నుంచి వచ్చేది కొంత ఉన్నది. తల్లి కడుపులో జరిగేది కూడా కొంత ఉన్నదని పరిశోధకులు అంటున్నారు. పుణె దగ్గరి పల్లెలలో 1993 నుండి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గర్భిణులను, వారి బిడ్డలను పరిశీలిస్తూ వచ్చింది. అక్కడ నెలలు నిండి పుట్టిన బిడ్డ సగటు బరువు సుమారు 2.7 కిలోలు. ఇంగ్లండులో పోల్చి చూసిన బిడ్డలు 3.5 కిలోలున్నారు. పుణె బిడ్డకు కండ బాగా తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పాలు పోసేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు: కొలత వేరు, వెన్న శాతం వేరు.

కడుపులో కరువు చూసిన శరీరం పొదుపుకు అలవాటు పడుతుందని, తరువాత తిండి పుష్కలంగా దొరికితే ఆ పొదుపే కొవ్వుకు, మధుమేహానికి దారి తీస్తుందని ఒక వాదం. ఇది పూర్తిగా తేలిన విషయం కాదు గాని, కొట్టిపారవేయదగినదీ కాదు. పుణె పల్లెలలోనే ఆకుకూరలు, పండ్లు, పాలు తరచు తీసుకున్న తల్లుల బిడ్డలు పుట్టుకలో కొంత పెద్దగా ఉన్నారు. హైదరాబాదు సమీప పల్లెలలో 1987-90 మధ్య గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందించారు. ఆ పిల్లలను 13-18 ఏండ్ల వయసులో చూస్తే, అది అందని ఊళ్ల పిల్లలకంటె సుమారు 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. ఒంట్లో కొవ్వు మాత్రం ఎక్కువ లేదు. అప్పట్లో వారి ఒంట్లో ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేసింది.

చూడి గేదెకు ఈనబోయే ముందు రెండు నెలలు పాలు ఎండగట్టి, దాణా పెంచుతాము. అదే ఇంట్లో కడుపుతో ఉన్న కోడలు తెల్లవారకముందే పాలు పితికి, చివరి చెంబు వరకు కేంద్రానికి పంపి, తాను నీళ్ల టీ తాగుతుంది. ఇది మాకు లెక్క తప్పిన బేరంగానే కనబడుతున్నది. పూటకు ఒక గ్లాసు ఇంట్లో ఉంచుకుంటే బిల్లులో తగ్గేది స్వల్పం. కాబోయే తల్లికే కాదు, ఎదిగే ఆడపిల్లకూ ఆ గ్లాసు అందాలి. ఆమే రేపటి తల్లి గదా.

ఇక ఇప్పటికే ఒళ్లు వచ్చిన పెద్దల సంగతి. గేదె పాలలో వెన్న 6-7 శాతం దాకా ఉంటుంది. మీగడ తీసి తాగినా మాంసకృత్తులు, కాల్షియం ఎక్కడికీ పోవు. గ్లాసులో రెండు చెంచాల పంచదార వేసుకునేవారు ముందు దాన్ని తగ్గించుకోవడం మంచిది.