ఐదుగురు సుల్తానులు, ఒక పొరుగు రాజు

బహమనీ రాజ్యం ముక్కలయ్యాక దక్కన్‌లో ఐదు సుల్తానతులు మిగిలాయి: బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్, బేరార్. 15వ శతాబ్దం చివర మొదలైన చీలిక 16వ శతాబ్దం తొలి దశకాల్లో పూర్తయింది. ఐదూ ఒకే కొలువులోంచి పుట్టినవి. అన్నింట్లోనూ దర్బారు భాష ఫారసీ. ఒకచోట పొసగని సర్దారు మరోచోట జాగీరు వెతుక్కునేవాడు. దూరం నుంచి చూస్తే అదొక కూటమే. దగ్గరికెళితే సరిహద్దు కోటల కోసం నిత్యం తన్నుకునే దాయాదులు. ఈ ఐదింటికీ దక్షిణాన ఉన్న పెద్ద పొరుగు విజయనగరం. ఆ పొరుగుతో కూటమి ఎలా మెలిగిందన్నదే రెండు శతాబ్దాల దక్కన్ రాజకీయం.

ఆ రాజకీయానికి నేల కృష్ణా తుంగభద్రల నడుమ రాయచూరు అంతర్వేది, తుంగభద్ర దక్షిణపు గట్టున ఆదోని సీమ. నది దాటి వచ్చే సేన ముందుగా అడుగుపెట్టేది కోసిగి, కౌతాళం, ఎమ్మిగనూరు నల్లరేగడిలోనే. ఆ దారికి అడ్డంగా గుట్టల మీద ఆదోని దుర్గం. అది విజయనగరం చేతిలో ఉన్నంతకాలం ఉత్తరపు తలుపుకు గడియ పడినట్టే. గూడూరు మీదుగా కర్నూలు వైపున్న పల్లెలకూ ఆ గడియే ధీమా.

కయ్యంలో పుట్టిన కట్టుబాటు

ఇరుగుపొరుగు సంబంధం మొదలైంది ఐదు ముక్కలు కాకముందే, నెత్తుటితోనే. 1366లో బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా తుంగభద్ర దాటి విజయనగర రాజు బుక్కరాయల మీదికి వచ్చాడు. అప్పటి పెద్ద పోరు కౌతాళం దగ్గర జరిగిందని ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ రాసిన రాబర్ట్ సీవెల్ భావించాడు. ఆ యుద్ధంలో చచ్చినవారి గురించి బీజాపూర్ చరిత్రకారుడు ఫెరిష్తా చెప్పే లెక్కలను నమ్మనక్కర్లేదు. అతడు రాసింది రెండు శతాబ్దాల తర్వాత, అదీ ఒక పక్షం కొలువులో కూర్చుని. అతడే చెప్పిన ఇంకో సంగతి మాత్రం విలువైనది. బుక్కరాయల రాయబారులు ఊచకోతను ఎత్తి చూపి, రెండు రాజ్యాలూ ఎప్పటికీ పొరుగునే ఉండాల్సినవి కాబట్టి ఆయుధం పట్టనివారిని చంపకూడదని ఒక మాట అనుకోవడం మంచిదన్నారు. సుల్తాను ఒప్పుకున్నాడు. గెలిచాక చంపడం ఉండదని మాటిచ్చాడు. పొరుగును తుడిచెయ్యలేమని రెండు వైపులా ఒప్పుకున్న తొలి ఘట్టం అది.

కయ్యం తర్వాత వియ్యం. 1406-07 ప్రాంతంలో ఫిరోజ్ షా బహమనీకి మొదటి దేవరాయలు కూతురినిచ్చి, బంకాపూర్ కోటను కట్నంగా ఇచ్చాడంటాడు ఫెరిష్తా. పెళ్లికొడుకు నగరంలోకి వస్తుంటే దారిపొడవునా జరీ బట్టలు, మఖమలు పరిచారు. మర్యాదలకు లోటేమీ లేదు. తిరుగు ప్రయాణంలో వచ్చింది చిక్కు. దేవరాయలు అల్లుడిని కొంతదూరం సాగనంపి వెనుదిరిగాడు. తన విడిది దాకా రాలేదని ఫిరోజ్ షా మనసులో పెట్టుకున్నాడు. పెళ్లి చేసిన మేలును ఆ అలక తుడిచేసింది. పదేళ్లు దాటేసరికి పానగల్ కోట దగ్గర రెండు సేనలూ మళ్లీ తలపడ్డాయి. ఈసారి ఓడింది అల్లుడు.

దీన్ని రాజుల అహంకారం కింద కొట్టిపారేయడం సులువు. కానీ అప్పటి రాచమర్యాదలో ఎవరు ఎవరిని ఎంతదూరం సాగనంపారన్నదే ఎవరు ఎవరికి సమానమో చెప్పే కొలబద్ద. కాగితం మీద సరిహద్దు గీత లేని రోజుల్లో హోదా గీత అక్కడ పడేది.

కయ్యాలకూ వియ్యాలకూ నడుమ రోజువారీ బంధాలు చాలానే నడిచాయి. రెండవ దేవరాయలు ముస్లిం రౌతులను కొలువులో చేర్చుకున్నాడు; వారు సలాము చేసేటప్పుడు మనసు నొచ్చకుండా సింహాసనం ముందు పీఠం మీద ఖురాన్ పెట్టించాడని చెబుతారు. యుద్ధపు గుర్రాల కోసం రెండు పక్షాలూ పడమటి రేవుల వైపే చూసేవి. గోవా పోర్చుగీసుల చేతికి వెళ్లాక ఆ వ్యాపారం బేరసారాలకు ఆయుధమైంది. 1547లో గోవా గవర్నరు విజయనగరంతో చేసుకున్న ఒప్పందంలో గుర్రాలు బీజాపూర్‌కు కాకుండా విజయనగరానికే అమ్మాలన్నది ముఖ్యమైన షరతు.

లోపలి మనిషి రామరాయలు

కూటమిలోని తగవులను ఒక పద్ధతిగా వాడుకున్నవాడు అళియ రామరాయలు. కృష్ణదేవరాయల అల్లుడు. 1542 తర్వాత సదాశివరాయల పేర రాజ్యం నడిపాడు. యువకుడిగా కొంతకాలం గోల్కొండ కులీ కుతుబ్ షా దగ్గర పనిచేశాడని గోల్కొండ చరిత్ర చెబుతుంది. కాబట్టి సుల్తానుల కొలువుల లోగుట్టు అతడికి కొత్త కాదు. కృష్ణదేవరాయల తీరు వేరు. 1520లో రాయచూరు గెలిచాక, వచ్చి తన పాదం ముద్దాడితే పోయినవన్నీ తిరిగిస్తానని ఇస్మాయిల్ ఆదిల్ షాకు కబురుపెట్టాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. రామరాయలు పాదం చాపలేదు, పంచాయితీ పెట్టాడు. పిల్లుల రొట్టె తగవు తీర్చిన కోతి వరసే. ఒకసారి అహ్మద్‌నగర్‌తో కలిసి బీజాపూర్ మీదికి, మరోసారి బీజాపూర్‌తో కలిసి అహ్మద్‌నగర్ మీదికి వెళ్లేవాడు. 1552లో అహ్మద్‌నగర్ పక్షాన నిలిచి రాయచూరు, ముద్గల్ దక్కించుకున్నాడు. కల్యాణి కోట కోసం సుల్తానులు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటుంటే ప్రతిసారీ తూకం ఎటు మొగ్గాలో చెప్పింది అతడే.

ఆశ్రయం ఇవ్వడమూ ఈ పద్ధతిలో భాగమే. అన్న జంషీద్‌కు జడిసి పారిపోయి వచ్చిన గోల్కొండ రాకుమారుడు ఇబ్రహీం 1543 నుంచి ఏడేళ్లు విజయనగరంలో జాగీరు తిన్నాడు, తెలుగు నేర్చాడు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కాడు. తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా ఇతడే. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ అతడికే అంకితమిచ్చాడు. అతడి సర్దారు అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన అచ్చతెనుగు ‘యయాతిచరిత్ర’ అంకితమైంది. పొరుగువారి ఇంట్లో పెరిగినవాడు గద్దె ఎక్కితే ఆ ఇంటికి మేలు చేస్తాడనుకోవడం సహజం. ఇబ్రహీం కొన్నాళ్లు చేశాడు కూడా.

బీజాపూర్ అలీ ఆదిల్ షా ఇంకో అడుగు ముందుకేశాడు. 1558లో గద్దె ఎక్కిన కొత్తలో రామరాయల కొడుకు చనిపోతే, పరామర్శకు కొద్దిమంది రౌతులతో తానే విజయనగరానికి వచ్చాడు. రామరాయల భార్య అతడిని కొడుకుగా స్వీకరించింది. ఇంతటి బంధుత్వమూ మళ్లీ సాగనంపే దగ్గరే చెడింది. రామరాయలు తన వెంట పొలిమేర దాకా రాలేదని అలీ నొచ్చుకున్నాడని ఫెరిష్తా రాశాడు. ఒకే చరిత్రకారుడు నూటయాభై ఏళ్ల ఎడంతో ఒకే అలకను రెండుసార్లు చెప్పడం కొంత అనుమానం కలిగించేదే. అయితే అలాంటి అలక ఎవరికీ వింతగా తోచలేదన్నది మాత్రం నిజం.

ఇచ్చిపుచ్చుకోవడం పోయి పుచ్చుకోవడమే మిగిలినప్పుడు పద్ధతి బెడిసింది. 1560ల దండయాత్రల్లో గోల్కొండ పానగల్, కోయిలకొండ, ఘనపురం కోటలను వదులుకుంది. మూడూ నేటి పాలమూరు సీమలోవే. బీజాపూర్ కూడా కొంత నేల పోగొట్టుకుంది. దానికి తోడు సుల్తానుల రాయబారులను తన ఎదుట కూర్చోనివ్వడం లేదన్న ఫిర్యాదు. విడివిడిగా ప్రతి సుల్తానుకూ రామరాయలతో అవసరం ఉండేది. ఆ అవసరాన్ని మించిన భయాన్ని అందరికీ ఒకేసారి కలిగించడం అతడు చేసిన పెద్ద తప్పు.

కూటమిలో ఒక్కొక్కరికి పొరుగుతో ఒక్కో అవసరం ఉండటం నేటి కూటముల్లోనూ కనిపిస్తుంది. యూరోపియన్ యూనియన్ 2004లో పది దేశాలను చేర్చుకుని, అదే ఏడాది కొత్త పొరుగువారి కోసం ఒక పొరుగు విధానం ప్రకటించింది. విధానం ఒకటే, చూపులు రెండు. పోలండ్, స్వీడన్ తూర్పు వైపు లాగి 2009లో తూర్పు భాగస్వామ్యాన్ని తెచ్చాయి. ఫ్రాన్స్ దక్షిణం వైపు లాగి 2008లో మధ్యధరా కూటమిని నిలబెట్టింది. సభ్యదేశాల్లో ఎవరి పొరుగు వారికి ముఖ్యం.

కుదిరిన పొత్తు, నిలవని పొత్తు

సుల్తానుల పొత్తుకు మధ్యవర్తి గోల్కొండ మంత్రి ముస్తఫాఖాన్ అర్దిస్తానీ. ముందుగా బీజాపూర్‌ను, అహ్మద్‌నగర్‌ను కలపాలి. వాటి మధ్య షోలాపూర్ కోట ముల్లులా ఉంది. పరిష్కారం రెండు పెళ్లిళ్లు. అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకు ఇచ్చి, షోలాపూర్‌ను కట్నంగా రాశాడు. అలీ చెల్లెలు హుసేన్ కొడుకు ముర్తజాను పెళ్లాడింది. తగవు పడ్డ కోట కట్నమైంది కాబట్టి ఎవరూ ఓడినట్టు కాలేదు. బీదర్ వచ్చి చేరింది. అహ్మద్‌నగర్ మీద కక్ష ఉన్న బేరార్ మాత్రం రాలేదు. కూటమి గట్టిగా బిగిసిన ఆ క్షణంలోనూ ఐదుగురు ఒక్కటి కాలేదన్నమాట.

1565 జనవరి 23న కృష్ణ ఒడ్డున జరిగిన పోరులో రామరాయలు పట్టుబడ్డాడు, తల తెగింది. తళ్లికోట యుద్ధమని, రాక్షసి తంగడి యుద్ధమని పిలిచేది దీన్నే. విజయనగరం పట్నం దోపిడీకి గురైంది. హుసేన్ నిజాం షా ఆ ఏడాదే చనిపోయాడు. పొత్తు అతడికన్నా ఎక్కువ కాలం బతకలేదు. రెండేళ్లు తిరక్కుండానే బీజాపూర్ సేనలు దక్షిణానికి కదిలాయి. అహ్మద్‌నగర్‌లో కొడుకు తరఫున రాజ్యం చేస్తున్న ఖూన్జా హుమాయూన్ విజయనగరం మొర విని బీజాపూర్ మీదికి సేన నడిపింది. నిన్నటి శత్రువును పడగొట్టినవారే, నిన్నటి మిత్రుడు బలిసిపోకుండా ఆ శత్రువుకు అండ నిలబడ్డారు.

దక్కినంతలో దక్కించుకోవడమే అప్పుడు మిగిలిన నీతి. 1568 ప్రాంతంలో బీజాపూర్ సేనాని అంకుశ్‌ఖాన్ ఆదోనిని పట్టాడు. 1574లో అహ్మద్‌నగర్ బేరార్‌ను మింగింది. 1619లో బీజాపూర్ బీదర్‌ను మింగింది. ఈలోగా ఉత్తరాన ఇంకా పెద్ద పొరుగు వచ్చి కూర్చుంది. 1591లో అక్బరు దక్కన్ కొలువులకు రాయబారులను పంపాడు. 1595-96లో మొఘలులు అహ్మద్‌నగర్‌ను ముట్టడిస్తే కోటను కాచింది చాంద్ బీబీయే, మూడు దశాబ్దాల కిందట షోలాపూర్‌తో పాటు బీజాపూర్‌కు వెళ్లిన ఆ పెళ్లికూతురు. బీజాపూర్, గోల్కొండ సేనలు ఆమెకు సాయంగా కదిలాయి. అప్పటికే ఆలస్యమైంది. అహ్మద్‌నగర్ రాజ్యం 1636లో, బీజాపూర్ 1686లో, గోల్కొండ 1687లో అంతరించాయి.

ఆదోని చేతులు మారిన కాలం

బీజాపూర్ ఏలుబడిలో ఆదోనిని చివరగా పాలించిన సిద్దీ మసూద్‌ఖాన్ పట్నంలో జామియా మసీదు కట్టించాడు. తుంగభద్ర గట్టున మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది కూడా అతడేనని మఠ సంప్రదాయం చెబుతుంది. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసిన ఆ ఊరే మంత్రాలయం. అప్పటికి ఆ గట్టు సరిహద్దు కాదు. బీజాపూర్ పడ్డాక ఆదోని మొఘలులకు లొంగింది.

తర్వాతి శతాబ్దంలో ఆదోని హైదరాబాదు నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. అతడి చేతిలోనే గుంటూరు కూడా ఉండేది. 1779లో ఈస్టిండియా కంపెనీ అతడితో బేరం కుదుర్చుకుని గుంటూరు పుచ్చుకుంది. బదులుగా ఆదోనికి సేనను పంపింది. ఆ సేన మైసూరు హైదర్ అలీ ఏలుబడిలోని కడప సీమ గుండా పోవాలి. హైదర్ అడ్డుకున్నాడు. నిజాంకూ తమ్ముడి బేరం నచ్చలేదు. మరాఠాలు అప్పటికే కంపెనీతో యుద్ధంలో ఉన్నారు. ముగ్గురూ కలిశారు. వారెన్ హేస్టింగ్స్ గుంటూరును నిజాంకు తిరిగిప్పించి కూటమిలోంచి అతడిని పక్కకు లాగాడు. ఒక సభ్యుడి లోటు తీరిస్తే కూటమి సన్నబడుతుందని కంపెనీకి అప్పుడే బాగా వంటబట్టింది. 1786లో హైదర్ కొడుకు టిప్పు ఆదోనిని పట్టి కోట గోడలు కూల్చాడు. మరుసటేడు సంధిలో ఊరు మళ్లీ నిజాం పక్షానికి వచ్చింది. 1790లో కంపెనీ, నిజాం, మరాఠాలు టిప్పు మీద ఒక్కటయ్యారు. 1800 అక్టోబరులో నిజాం తన రక్షణకు పెట్టుకున్న కంపెనీ సేన ఖర్చు కింద ఈ సీమనంతా కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలంటే ఇవే. పొత్తు ఖరీదును పొత్తుదారుడే నేలతో చెల్లించిన లెక్క అది.

నది ఇప్పుడు ఎవరి లెక్కలో

తుంగభద్ర మీద ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న రెండు గట్టుల మీదా శంకుస్థాపనలు జరిగాయి. కుడివైపు మద్రాసు గవర్నరు, ఎడమవైపు నిజాం వారసుడు. ఆ వారసుడి బిరుదు బేరార్ యువరాజు. 1565లో పొత్తులో చేరని రాజ్యం పేరు అలా మిగిలింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుంచి విడిపోయి ఇటు వచ్చాయి. ఆనకట్ట మైసూరు (నేటి కర్ణాటక) వైపు ఉండిపోయింది. నీరు ఒకచోట, పొలం మరోచోట. అందుకే ఆంధ్ర రాష్ట్రాన్ని ఏర్పరచిన చట్టం కిందే తుంగభద్ర బోర్డు పుట్టింది. అధ్యక్షుడిని కేంద్రం నియమిస్తుంది, సభ్యులు రాష్ట్రాల నుంచి వస్తారు. నీటి వాటా, నిర్వహణ ఖర్చు కాగితం మీద ఉంటాయి. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో దిగువ కాలువ కింద ఆంధ్రకు 24 టీఎంసీలు. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు వచ్చేవి ఆ నీళ్లే. కాలువ కర్ణాటక గుండా వస్తుంది కనుక పైన లాగేశారన్న తగవు ఏటా వినిపిస్తూనే ఉంటుంది. తీర్చాల్సింది బోర్డు సమావేశంలోనే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు రాష్ట్రాల ఇంజనీర్లూ బోర్డూ కలిసి వారం రోజుల్లోపే తాత్కాలిక అడ్డుగోడ దించి నీటిని ఆపారు.