కుంకుమ భరిణెలో మైకు

పొంగల్ సెలవులకు తిరుత్తణి దగ్గర మా ఊరికి పోయినప్పుడు మా అవ్వ జోలపాటను ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. అవ్వ గొంతెత్తి పాడదు. ప్రతి చరణం చివర ఒక అచ్చును పట్టుకుని, నోరు సగం మూసి, ముక్కుతో అలా సాగదీస్తూ పోతుంది. మా ఇంట్లో పసివాళ్లు నిద్రపోయేది ఆ సాగదీతకే గానీ మాటలకు కాదు. హాస్టలుకు వచ్చి పెట్టుకుని వింటే మాటలున్నాయి, సాగదీత లేదు. ప్రతి చరణం చివరా ఎవరో కత్తెర వేసినట్టు తెగిపోతోంది.

ఫోన్ తప్పని కూడా అనలేం. దాన్ని చేసింది మాటల కోసం. మాట వస్తూ ఆగుతూ ఉంటుంది. ఫ్యాను, బస్సు ఇంజను మాత్రం ఒకే తీరుగా మోగుతుంటాయి. అందుకని ఒకే తీరుగా సాగే శబ్దాన్ని గోలగా లెక్కగట్టి తగ్గించే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. అవ్వ కూనిరాగం దానికి ఫ్యానులా వినపడింది, పాపం.

అవ్వకు ఎనభై దాటాయి. ఆ పాట రాసిపెట్టుకోవచ్చు, కానీ రాగాన్ని ఏ అక్షరంలో రాస్తాం? ఈ గొడవంతా వెళ్లబోసుకుంటే, ఫిజిక్స్ చదివే నా రూమ్మేటు "మైకు మనమే చేద్దాం, అప్పుడైనా లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది" అంది. నేను బి.కాం. మీలో చాలామంది నాలాగే ప్లస్ టూతో ఫిజిక్స్‌ను వదిలించుకుని, పార్టు వన్ తెలుగు క్లాసులో కలిసినవాళ్లే కాబట్టి, నాకు అర్థమైన వరసలోనే చెబుతాను.

మేం చేసింది కండెన్సర్ మైకు. ఆ పేరు వినగానే నాకు కండెన్స్‌డ్ మిల్కు గుర్తొచ్చింది. అది మరీ తప్పేం కాదట. విద్యుత్తును చిక్కగా కూడబెట్టే పరికరం అన్న అర్థంలో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1782లో ఆ మాట వాడాడు. పాఠ్యపుస్తకాలు ఇప్పుడు కెపాసిటర్ అంటున్నాయి. మైకు మాత్రం పాత పేరునే పట్టుకుని ఉంది.

రెండు లోహపు రేకుల్ని ఒకదానికొకటి తగలకుండా, బాగా దగ్గరగా, ఎదురెదురుగా పెట్టి బ్యాటరీకి కలిపితే ఒకదాని మీద ధనావేశం, రెండోదాని మీద రుణావేశం చేరతాయి. ఇప్పుడు ఒక రేకును కదలకుండా బిగించి, రెండోదాని బదులు పలచటి పొరను మృదంగం మీది తోలులా లాగి కట్టామనుకోండి. మనం మాట్లాడినప్పుడు గాలి ఆ పొరను లోపలికి తోస్తుంది, బయటికి లాగుతుంది. రెండింటి మధ్య సందు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. చేరిన ఆవేశం ఎటూ పోకుండా ఆపగలిగితే, సందు మారినప్పుడల్లా వోల్టేజి మారుతుంది.

నాకు ఇది గిన్నెలో నీళ్లతో పోలిస్తే గానీ ఎక్కలేదు. చెంచాడు నీళ్లు వెడల్పు గిన్నెలో పోస్తే మట్టం దిగుతుంది, ఇరుకు గిన్నెలో పోస్తే లేస్తుంది. నీళ్లు మాత్రం అవే. రేకులు దగ్గరైతే గిన్నె వెడల్పయినట్టు, దూరమైతే ఇరుకైనట్టు. గొంతు గిన్నెను ఊపుతుంటే, మట్టం ఎలా ఊగుతోందో చూసి రాసుకోవడమే మైకు పని. మరి గిన్నెకు చిల్లి ఉంటే? మా కష్టాలన్నీ ఆ చిల్లి దగ్గరే వచ్చాయి.

అమెరికాలో ఇ.సి. వెంటే అనే ఇంజనీరు ఇలాంటి మైకును మొదట తయారుచేసింది 1916లో. శబ్దాన్ని సరిగ్గా కొలిచే సాధనం కావాలని దాన్ని చేశాడు. మా దగ్గర ఉన్న సామాను కొంచెం వేరు.

కదలని రేకుకు ప్రింటెడ్ సర్క్యూట్లు చేసే రాగి పూత బోర్డును 35 మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా కత్తిరించి, ఇడ్లీ తట్టులా చిన్న చిన్న రంధ్రాలు పెట్టాం. రంధ్రాలు లేకపోతే పొరకూ రేకుకూ మధ్య ఇరుక్కున్న గాలి గట్టి దిండులా ఉండి పొరను కదలనివ్వదు. సందు కోసం ఓహెచ్‌పీ షీటులోంచి సన్నని చట్రం కత్తిరించాం. ఆ షీటు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. పైన కప్పడానికి కుంకుమ పెట్టుకునే పెద్ద స్టీలు భరిణె. ఇది అలంకారం కోసం కాదు. ఇంట్లో ప్రతి కరెంటు తీగా సెకనుకు 50 సార్లు ఊగుతూ ఉంటుంది. చుట్టూ లోహపు డబ్బా లేకపోతే ఆ బుయ్యిమనే మోతే ముందు వినపడుతుంది. పొరకు ఎదురుగా ఉండే మూతకూ నిండా చిల్లులు పొడిచాం.

పొర దగ్గర రెండు వారాలు పోయాయి. చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరుస్తుంది కదా, అదే చాలనుకున్నాం. మల్టీమీటరు పెడితే కరెంటే పారలేదు. అందులో అల్యూమినియం పూత రెండు ప్లాస్టిక్ పొరల మధ్య దాక్కుని ఉంటుంది, చేతికి తగిలేది ప్లాస్టిక్కే. వంటింటి ఫాయిల్ పారుతుంది గానీ బరువు, పైగా ఒకసారి ముడత పడితే పోదు. చివరికి గిఫ్టు ప్యాకింగ్ కాగితాల్లో ఒక రకం దొరికింది. ఒకవైపు ప్లాస్టిక్, ఒకవైపు నిజంగానే లోహం. దాన్ని ఎంబ్రాయిడరీ ఫ్రేములో బిగించి, నాలుగు వైపులా సమంగా లాగి, పెద్ద ఇత్తడి వాషరును దాని లోహపు వైపు అతికించాం. జిగురు లేని ఒక్కచోట సన్నని రాగి పోగు దూర్చాం, కరెంటు తగలడానికి. ప్లాస్టిక్ వైపు రేకుకేసి ఉంటుంది, పొరపాటున తగిలినా షార్టు కాదు. నాకు మైకు మొత్తంలో చేతనైన పని ఈ బిగింపు ఒక్కటే. మొదటిసారి కాస్త వదులుగా వదిలేశాను. వోల్టేజి ఇవ్వగానే పొర వెళ్లి రేకుకు అతుక్కుపోయింది. ఎదురెదురు ఆవేశాలు లాక్కుంటాయని పుస్తకంలో చదవడం వేరు, మన ఫ్రేము మీది గుడ్డ దానంతటదే వంగడం చూడటం వేరు.

కరెంటుకు 9 వోల్టుల బ్యాటరీలు ఐదు వరసగా, మొత్తం 45. వాటికి పాత టిఫిన్ డబ్బా. పొరకు వెళ్లే తీగలో మధ్యన ఒక రెసిస్టరు ఉంది, వేలు తగిలినా భయం లేకుండా. ఇది చదివి ఎవరైనా చేయాలనుకుంటే బ్యాటరీలతోనే చేయండి, గోడ ప్లగ్గు జోలికి పోకండి.

ఇప్పుడు లెక్క. ఈ కొలతలకు మా మైకు కెపాసిటీ 85 పికోఫారడ్లు వచ్చింది. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. అంటే మా గిన్నెలో ఉన్నది చెంచాడు కూడా కాదు, ఒక చుక్క. పొర 0.1 మిల్లీమీటరు సందులో పదివేలో వంతు కదిలితే 45 వోల్టుల్లోనూ పదివేలో వంతు, అంటే నాలుగున్నర మిల్లీవోల్టులు మారుతుంది. ఈ మట్టాన్ని చూడాలంటే నీళ్లలో చెయ్యి పెట్టకుండా చూసే మనిషి కావాలి. ఆ పని చేసేది ఎఫ్.ఇ.టి. అనే ట్రాన్సిస్టరు. ఫిజిక్స్ ల్యాబులో ప్రయోగాలకు వాడే బి.ఎఫ్.డబ్ల్యు.10 అడిగి తెచ్చుకున్నాం. దాని గేటుకు వోల్టేజి చూపిస్తే చాలు, కరెంటు దాదాపు తాగదు. కానీ గేటును గాలికి వదిలేయకూడదు, ఒక రెసిస్టరుతో నేలకు, అంటే సర్క్యూట్ సున్నాకు, కట్టి ఉంచాలి. అదే మన చిల్లి. చిల్లి తప్పదు, ఎంత చిన్నదన్నదే ప్రశ్న.

మేం ఒక మెగాఓమ్ పెట్టాం. పది లక్షల ఓములు కదా, చాలా పెద్దదే అనుకున్నాం.

ల్యాప్‌టాప్‌కు కలిపి నేను "సీసా" అన్నాను. స్పీకర్లో "స్స్... స్స్" వచ్చింది. "అమ్మ" అన్నాను. దాదాపు ఏమీ లేదు. "చీమ" అంటే చకారం తుంపర ఒకటి. హల్లులు, అందులోనూ ఊదేవీ చిట్లేవీ మాత్రమే దాటుకొస్తున్నాయి. అచ్చులన్నీ లోపలే ఉండిపోతున్నాయి. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు నిలబడుతుందని ఫస్టియర్లో చదివినప్పుడు పరీక్ష కోసం చదివాను. అచ్చులు తీసేస్తే తెలుగు ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను. పాము బుసలా ఉంది. ఏ అవ్వ రాగం కోసం మొదలుపెట్టామో, ఫోన్ కోసింది సరిగ్గా దాన్నే, మా మైకు ఇంకా ఘోరంగా కోస్తోంది.

కారణం చిల్లే. వేగంగా ఊగే శబ్దానికి ఆవేశం కారిపోయేంత వ్యవధి దొరకదు. మెల్లగా ఊగే శబ్దానికి దొరుకుతుంది, పొర కదిలేలోపే ఆవేశం రెసిస్టరు గుండా జారుకుని సర్దుకుంటుంది. వోల్టేజి మారనే మారదు. ఎక్కడినుంచి కోత మొదలవుతుందో చెప్పడానికి చిన్న సూత్రం ఉంది. రెసిస్టరును కెపాసిటీతో గుణించి, దాన్ని రెండు పైలతో గుణించి, ఒకటిని దానితో భాగిస్తే అయిపోయింది. మా అంకెలు వేస్తే సుమారు 1,870 హెర్ట్జులు వచ్చింది. ఆడవాళ్ల గొంతు మూల శ్రుతి 200 హెర్ట్జుల చుట్టుపక్కల ఉంటుంది. ఆ దగ్గర మా మైకు పదో వంతు మాత్రమే పంపిస్తోంది. సకారం ఎక్కడో నాలుగైదు వేల హెర్ట్జుల్లో ఉంటుంది కాబట్టి దానికి ఢోకా లేదు.

రిచ్చీ స్ట్రీట్‌లో మేం తిరిగిన అంగళ్లలో 10 మెగాఓములకు మించింది దొరకలేదు. పది కొని ఒకదాని వెనక ఒకటి దండ గుచ్చినట్టు టంకం పెట్టాం, 100 మెగాఓములు. కోత 19 హెర్ట్జులకు దిగిపోయింది, మనిషి చెవికి వినపడే అంచుకన్నా ఇంకాస్త కిందికే. మళ్లీ "అమ్మ" అన్నాను. అమ్మ వచ్చింది. రూమ్మేటు ఏమీ అనకుండా ఇంకోసారి అనమంది.

తర్వాత ఒక తమాషా. గేటు దగ్గర వోల్టేజి ఎంతుందో చూద్దామని మల్టీమీటరు ముల్లు ఆనించగానే గొంతు పలచబడిపోయింది. తీసేస్తే మామూలు. ఎందుకంటే మల్టీమీటరు లోపలి నిరోధమే 10 మెగాఓములు. చిల్లిని చూడబోయి ఇంకో చిల్లి పెట్టామన్నమాట. పొడుగాటి తీగ ఇంకో తంటా. మైకుకు వాడే షీల్డు తీగ ఒక మీటరు పొడవుంటే దానికే 100 పికోఫారడ్లు ఉంటాయి, మా మైకు కన్నా ఎక్కువ. దాన్ని గేటుకు ముందు కలిపితే ఉన్న చుక్క నీళ్లూ ఆ కాలువలోనే సగానికిపైగా పంచుకుపోతాయి. అందుకే ట్రాన్సిస్టరు కూడా భరిణెలోనే ఉండాలి. 1928లో జర్మనీలో నాయ్‌మన్ కంపెనీ అమ్మిన తొలి కండెన్సర్ మైకు సీసా అంత లావుండేది, జనం దాన్ని నాయ్‌మన్ సీసా అనే పిలిచేవాళ్లు. ట్రాన్సిస్టర్లు లేని ఆ కాలంలో పొర పక్కనే వాల్వు పెట్టాల్సివచ్చింది, ఆ లావంతా దానిదే.

ఇక మద్రాసు గాలి సంగతి. ఎండగా ఉన్నన్నాళ్లూ బాగానే పలికింది. వాన పడ్డ రోజు చిటపటలు మొదలయ్యాయి, పోపులో ఆవాలు పేలినట్టు. వంద మెగాఓములు అంటే గాలిలో తేమ, టంకం మైనపు మరక, మన వేలి చెమట కూడా తీగలాగే పనిచేస్తాయి. స్పిరిట్‌తో తుడిచి, గేటు కాలును బోర్డుకు తగలకుండా గాలిలోనే టంకం పెట్టి, భరిణెలో చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేశాం. తగ్గింది, పూర్తిగా పోలేదు.

నిజం చెప్పాలంటే, కొన్న మైకు మా దానికన్నా మెరుగు. పది చోట్ల దొరికే శనగగింజంత ఎలెక్ట్రెట్ మైకును ఒకదాన్ని విప్పి చూశాం. అదే చట్రం, అదే పొర, చిల్లుల రేకు, ఒక బుల్లి ఎఫ్.ఇ.టి. లేనిదల్లా ఐదు బ్యాటరీలు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కలిసి, ఆవేశాన్ని ఏళ్లతరబడి తనలోనే దాచుకునే ప్లాస్టిక్ పొరతో మైకు చేశారు. మేం టిఫిన్ డబ్బాలో మోసుకు తిరిగింది అందులో పొరలోనే ఉంది. ఇప్పటి ఫోన్లలో సిలికాన్ మీద చెక్కిన మైకులు కూడా చాలావరకు ఈ జాతివే. అవ్వ రాగాన్ని మింగింది మైకు కాదు, దాని వెనక ఉన్న తెలివి.

మొన్న రెండో శనివారం భరిణెనూ టిఫిన్ డబ్బానూ మూటగట్టుకుని ఊరికి పోయాం. అవ్వ తిప్పి తిప్పి చూసి "ఏందమ్మే ఇది, కుంకం బరిణికి వైరు కట్టినారు?" అంది. పాడమంటే బిడ్డ లేకుండా పాడనంది. పక్కింటి ఆరునెలల పాపను తెచ్చి ఒళ్లో పెడితే గానీ మొదలుపెట్టలేదు. రికార్డింగులో వెనక సన్నగా బుస ఉంది, కోడి అరుపు ఉంది, ఉయ్యాల కొక్కెం కిర్రుమనడం ఉంది. చరణం చివర సాగదీత మొత్తం ఉంది, పాప ఊపిరి తీరు మారేదాకా.

మైకు ప్రస్తుతం ఫిజిక్స్ ల్యాబులో కిటికీ పక్క బీరువాలో ఉంది. మీ ఇళ్లలో పాడే అవ్వలుంటే అడిగి తీసుకుపోండి. బ్యాటరీలు మార్చాం. ఎండ ఉన్న రోజు చూసుకుని వెళ్లండి, పొరను మాత్రం వేలితో ముట్టకండి.