‘పుట్టి’ - అర్థవిచారము

ఓరుగంటి సీమలో చెఱువుల క్రింద పెరిగిన విద్యార్థికి ‘పుట్టి’ యనగానే వడ్లు స్ఫురించును. కృష్ణాతీరమునుండి వచ్చినవానికి పడవ స్ఫురించును. ఇరువురును ‘పుట్టి మునిగినది’ అను జాతీయమును వాడుదురు. కాని అందలి పుట్టి యేదని యడిగినచో తడబడుదురు. కావున ఈ పదమును ఒకింత పరిశీలింతము.

కొలతగా పుట్టి యనగా 20 తూములు. తూమునకు నాలుగు కుంచములు, కుంచమునకు నాలుగు మానికలు. కనుక పుట్టికి 80 కుంచములు, 320 మానికలు. ఇందు సగము పందుము, పాతిక ఏదుము. కొలపాత్ర సీమసీమకు మాఱుటచే పుట్టి యంతటను ఒక్క తూకము కాదు. పుట్టి విత్తనములు పట్టు నేల ‘పుట్టెడు నేల’. చేరెడు, మూరెడు అనువానివలె ఏర్పడిన ఈ ‘పుట్టెడు’ తుదకు కొలువరాని దుఃఖమునకును విశేషణమైనది.

పడవ యర్థమున పుట్టి వెదురుబద్దలతో గుండ్రముగ అల్లి, తోలు కప్పినది. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అచ్చటి యేటిపై గంపలవంటి గుండ్రని తోలుపడవలను వర్ణించెను. నేడు తోలునకు మాఱుగా తారు పూసిన పట్టాలు, ఫైబరు వచ్చినవి. పేరు మాత్రము మాఱలేదు.

ఈ రెండర్థములకు పొత్తేమి? కన్నడమున ‘పుట్టి’, తమిళమున ‘పుట్టిల్’ అనగా గంప. గంపయే మూలార్థమని మా తలంపు. గంపలో పట్టునది కొలత. ఆ కొలత విత్తనము పట్టునది నేల. తోలు కప్పగా నీట తేలునది పడవ. సంస్కృతమునను ఇట్టి పరిణామమే కలదు: ద్రోణము కొలత, ద్రోణి తొట్టియు నావయు, ద్రోణము విత్తనము పట్టు క్షేత్రమును అమరకోశము ‘ద్రౌణికము’ అనుచున్నది.

ఇక జాతీయము. ఇందలి ‘పుట్టి’ని ‘జనించి’ యను అర్థముగల క్త్వార్థకముగ భావించుట పొరపాటు. ‘వాని పుట్టి మునిగినది’ అనుచోట షష్ఠికి అన్వయించునది నామవాచకమే. మునుగునది పడవ, బ్రతుకు తెరువంతయు దానిలోనే యున్నవానికి అది మునిగిన సర్వనాశనమే గదా!

1956 నాటి ప్రమాణముల చట్టముతో మెట్రిక్ కొలతలు వచ్చి, కుంచములు, తూములు క్రమముగ అంగడినుండి తొలగినవి. పల్లెలలో దిగుబడి చెప్పునపుడు పుట్టి యింకను వినవచ్చుచున్నది. ఏ యూర తూమెంతయో, పుట్టి నల్లువారు దాని భాగములకు ఏ పేళ్లు పెట్టిరో పరిశోధక విద్యార్థులు వ్రాసికొనవలెను. కొలిచిన చేతులును, అల్లిన చేతులును ఉండగనే ఈ పని జరుగవలెను. నిఘంటువు ఒక్కటియే దీనిని తీర్చజాలదు.