ఐన్‌స్టీన్‌ని సరైన చోట పట్టుకున్నవాడు: వాల్టర్ రిట్జ్

"ఐన్‌స్టీన్ తప్పు" అనే రీల్స్ మీ ఫోన్లో కూడా వస్తూనే ఉంటాయి కదా. చాలావాటిలో పస ఉండదు. కానీ పస ఉన్న ప్రశ్న ఒకటుంది, అది 1908 నాటిది.

ముందు బేసిక్స్. గంటకి 100 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తున్న రైల్లో మీరు ముందుకి 5 కిలోమీటర్ల స్పీడ్‌తో నడుస్తున్నారు. ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్లకి మీ స్పీడ్ 105. ఇది గెలీలియో లెక్క. రైల్లో గడియారం, ప్లాట్‌ఫాం గడియారం ఒకేలా నడుస్తాయని ఇందులో ముందే ఒప్పేసుకున్నాం. 1905లో ఐన్‌స్టీన్ రెండు విషయాల మీద తన థియరీ కట్టాడు. నిలకడైన వేగంతో తిన్నగా కదిలే వాళ్లందరికీ ఫిజిక్స్ రూల్స్ ఒకటే. లైట్ స్పీడ్, ఆ లైట్‌ని వదిలిన వస్తువు వేగం మీద ఆధారపడదు. ఈ రెండూ ఒప్పుకుంటే లోరెంట్జ్ ట్రాన్స్‌ఫర్మేషన్స్ వస్తాయి, వాటిలో టైమ్ కూడా మారుతుంది.

స్విట్జర్లాండ్‌కి చెందిన రిట్జ్ ఆ రెండోదాన్నే పట్టుకున్నాడు. లైట్ కూడా తుపాకీ గుండు లాంటిదే అనుకుంటే? వదిలిన వస్తువు వేగం దానికి కలిసిపోతుంది. ఇక టైమ్‌ని కదపక్కర్లేదు, గెలీలియో లెక్కే చాలు.

మరి 1887 నాటి మైకెల్సన్–మోర్లీ ప్రయోగం సంగతేంటి? అసలు మజా అక్కడే ఉంది. అందులో దీపం, అద్దాలు అన్నీ ఒకే రాతిపలక మీద కలిసి కదులుతాయి. కాబట్టి రిట్జ్ లెక్క ప్రకారం కూడా తేడా రాదు! ఆ ఒక్క ప్రయోగంతోనే రిలేటివిటీ ప్రూవ్ అయిపోయిందని చెప్పేస్తుంటారు, నాకది నచ్చదు. ఆ పరీక్షలో ఇద్దరూ పాసే.

రిట్జ్ 1909లో, 31 ఏళ్లకే చనిపోయాడు. ప్రశ్న మాత్రం బతికింది. 1913లో నెదర్లాండ్స్ ఖగోళ శాస్త్రవేత్త డి సిట్టర్ జంట నక్షత్రాలని చూపించాడు. మనవైపు వస్తున్నప్పుడు నక్షత్రం వదిలిన లైట్ ఫాస్ట్‌గా, దూరంగా వెళ్తున్నప్పుడు వదిలింది స్లోగా వస్తే, ఏళ్ల తరబడి ప్రయాణంలో వెనకది ముందుదాన్ని దాటేస్తుంది. నక్షత్రం తిరిగే దారి మనకి గజిబిజిగా కనపడాలి. అలా కనపడట్లేదు.

దీనికీ ఒక లొసుగు దొరికింది. దారిలో ఉన్న పల్చటి గ్యాస్ ఆ లైట్‌ని అందుకుని మళ్లీ తన లెక్కలో వదిలితే, పాత తేడా చెరిగిపోతుంది. 1960ల్లో ఫాక్స్ అనే ఫిజిసిస్ట్ ఈ మాట గట్టిగానే అడిగాడు. నిజాయితీ అయిన ప్రశ్న.

జవాబు 1964లో సెర్న్ నుంచి వచ్చింది. న్యూట్రల్ పయాన్ అనే కణాలు లైట్ స్పీడ్‌లో 99.97 శాతం పైగా వేగంతో పరిగెడుతూ గామా కిరణాలుగా విడిపోతాయి. రిట్జ్ కరెక్ట్ అయితే, ముందుకి దూసుకొచ్చే కిరణాల వేగం లైట్ స్పీడ్‌కి దాదాపు రెండింతలు ఉండాలి. కొలిస్తే మామూలు లైట్ స్పీడే వచ్చింది. అంత ఎనర్జీ ఉన్న గామా కిరణాల్ని దారిలో గాలి పెద్దగా మార్చలేదు, కాబట్టి ఆ లొసుగు ఇక్కడ పనిచెయ్యదు.

ఇంకో ప్రశ్న మిగిలే ఉంది: లైట్ వెళ్లే స్పీడ్‌ని, తిరిగొచ్చే స్పీడ్‌ని విడివిడిగా కొలవగలమా? అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి.