పేరు చెప్పడానికి తొందరపడవద్దు

చలికాలపు ఉదయం. భైంసాలోని గడ్డెన్న వాగు జలాశయం గట్టు మీదికి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లిన ఒక తండ్రిని ఊహించుకోండి. నీటి మీద తెల్లని పక్షి ఒకటి తేలుతూ కనిపిస్తుంది. “అబ్బా, అదేం పక్షి?” అని పిల్లవాడు అడుగుతాడు. తండ్రి క్షణమైనా ఆలోచించకుండా “కొంగ” అంటాడు. ప్రశ్న అక్కడితో ముగిసిపోతుంది. కాని కొంగ నీటిలో నిలబడి చేపల కోసం కాచుకుంటుంది. బాతులా నీటి మీద తేలుతూ కాలం గడపదు. పిల్లవాడు చూసింది బహుశా సీగల్ కావచ్చు. అయితే సీగల్ అన్నంత మాత్రాన కూడా సమాధానం పూర్తి కాదు. అందులో ఏ జాతి? అదే అసలు చిక్కు.

సీగల్ అనగానే మనకు సముద్రం గుర్తుకు వస్తుంది. అయినా వీటిలో కొన్ని జాతులు నదులకూ, లోతట్టు ప్రాంతాల్లోని పెద్ద జలాశయాలకూ వస్తాయి. వాటిలో ముఖ్యమైనది గోధుమ తల సీగల్. ఇది లద్దాఖ్, టిబెట్ వంటి ఎత్తైన పీఠభూముల సరస్సుల వద్ద వేసవిలో పిల్లలను పెడుతుంది. చలికాలంలో మన దేశపు తీరాలకూ జలాశయాలకూ దిగివస్తుంది. దీనికి దగ్గరి పోలికలున్నది నల్ల తల సీగల్. పేర్లు విని వీటిని తల రంగుతో ఇట్టే పోల్చుకోవచ్చని అనుకుంటాం. కాని ఆ గోధుమ రంగు, ఆ నలుపు వేసవి అలంకారాలు మాత్రమే. మన వద్దకు వచ్చే చలికాలంలో రెండింటి తలలూ తెల్లగానే ఉంటాయి. కంటి వెనుక ఒక ముదురు మచ్చ మాత్రం మిగులుతుంది.

ఎదిగిన పక్షుల విషయంలో వేరే ఆధారాలున్నాయి. గోధుమ తల సీగల్ కన్ను లేత రంగులో ఉంటుంది. నల్లని రెక్క చివర్లలో తెల్లని మచ్చలుంటాయి. నల్ల తల సీగల్ కన్ను ముదురు రంగు. రెక్క ముందు అంచున పొడవైన తెల్లని పట్టీ ఉంటుంది. అయితే ఆ ఏడాదే పుట్టిన పిల్ల పక్షి ముందు ఈ ఆధారాల్లో చాలావరకు పనికిరావు. గోధుమ తల సీగల్ పిల్లకు కూడా కన్ను ముదురుగానే ఉంటుంది. దాని రెక్క చివర్లలో తెల్లని మచ్చలు ఇంకా ఏర్పడవు. రెండు జాతుల పిల్లలకూ రెక్కల మీద గోధుమ రంగు మరకలు, తోక చివర నల్లని పట్టీ ఉంటాయి. అంటే ఒక పిల్ల పక్షి తన తల్లిదండ్రుల కంటే పరాయి జాతి పిల్లనే ఎక్కువగా పోలి ఉంటుంది!

పెద్ద జాతుల విషయంలో చిక్కు మరింత పెరుగుతుంది. చిన్న సీగల్‌లు సుమారు రెండేళ్లలో పెద్దవాటి రూపం పొందితే, పెద్ద సీగల్‌లకు నాలుగేళ్లు పడుతుంది. ఈ కాలమంతా అవి ఈకలు రాల్చుకుంటూ, కొత్తవి తొడుక్కుంటూ ఏటా రూపు మారుస్తుంటాయి. రెండు మార్పుల మధ్య పాత ఈకలు ఎండకు వెలిసిపోతాయి, అంచులు అరిగిపోతాయి. మగది సాధారణంగా ఆడదానికంటే పెద్దది కనుక పరిమాణాన్ని కూడా గుడ్డిగా నమ్మలేం. అందుకే జీవితమంతా పక్షులను చూసినవారు సైతం పిల్ల సీగల్ ముందు తడబడతారు.

పక్షి పేరు తెలియకపోతే వచ్చే నష్టమేమిటని కొందరు అడగవచ్చు. 2020 చివర్లో, 2021 ఆరంభంలో హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ జలాశయం వద్ద బర్డ్ ఫ్లూతో వేలాది నీటిపక్షులు మరణించాయి. వాటిలో అత్యధికం మధ్య ఆసియా నుండి వచ్చే, తల మీద నల్లని చారలుండే పెద్దబాతులు. సీగల్‌లు కూడా ఉన్నాయి. అలాంటి వేళ “ఏవో తెల్ల పక్షులు” అంటే వైద్యునికి గాని, అధికారికి గాని ఏమీ తెలియదు. ఏ జాతి, ఎక్కడి నుండి వచ్చింది, ఎన్ని అన్నది తెలిస్తేనే వ్యాధి దారి అర్థమవుతుంది. ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో జరిగే నీటిపక్షుల లెక్కింపుకు కూడా ఇదే ప్రాణం. తప్పుడు పేరు ఒకసారి లెక్కలో చేరితే దాన్ని తొలగించడం కష్టం. ఖాళీగా వదిలిన గడిని తర్వాతైనా నింపవచ్చు.

ఇక్కడ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ (1896–1987) బాల్యాన్ని గుర్తుచేసుకోవడం సముచితం. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆయన ముంబైలో మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఇంట పెరిగాడు. ఒకనాడు ఎయిర్ గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి బాలుడు సందేహించాడు: ఇది మామూలు పిచ్చుకేనా? ముస్లింలు తినదగినదేనా? మేనమామకు వేట బాగా తెలుసు. అయినా ఆ పిచ్చుక ఏమిటో ఆయనకూ తెలియలేదు. “పిచ్చుకే, వెళ్లు” అని పంపించివేయక, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌కు ఉత్తరం రాసి ఇచ్చి పంపాడు. మిల్లార్డ్ దాన్ని పసుపు గొంతు పిచ్చుకగా గుర్తించి, సొసైటీ భద్రపరచిన పక్షులన్నీ ఆ బాలునికి చూపించాడు. ఆ బాలుడే పెద్దవాడై 1931–32లో నిజాం రాజ్యమంతటా పక్షుల సర్వే చేశాడు. భైంసా కూడా అప్పుడు ఆ రాజ్యంలోనిదే. ఆ రోజు మేనమామ తెలిసినట్లు నటించి ఉంటే, ఆ ప్రశ్న ఆ ఇంట్లోనే ఆగిపోయేది.

కనుక ఈ చలికాలం గడ్డెన్న వాగుకో, బాసర వద్ద గోదావరి ఒడ్డుకో పిల్లలను తీసుకువెళ్లినప్పుడు పేరుతో మొదలుపెట్టకండి, చూడటంతో మొదలుపెట్టండి. ముక్కు సన్నగా, మొనదేలి, తోక చీలి ఉండి, పక్షి నీటిలోకి దూకుతుంటే అది సీగల్ కాదు, టెర్న్ కావచ్చు. ముక్కు దిట్టంగా ఉండి, నీటి మీద కూర్చుంటే సీగల్ అనుకోవచ్చు. తర్వాత వయసు చూడాలి: తోక చివర నల్లని పట్టీ ఉందా? రెక్కల మీద గోధుమ మరకలున్నాయా? ఉంటే అది పిల్ల. అది ఎగిరేటప్పుడు రెక్క విప్పిన ఫొటో తీయండి. చివరికి రెక్క అమరికే ఎక్కువగా సాక్ష్యం చెబుతుంది. పక్కన ఎదిగిన పక్షి ఉంటే రెండింటినీ పోల్చి చూడండి. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పవద్దు. రెండు మూడు గుర్తులు ఒకే మాట చెప్పాలి.

అప్పటికీ తేలకపోతే పిల్లవాని నోటు పుస్తకంలో తేదీ, స్థలం వేయించి, “పిల్ల సీగల్, జాతి తెలియలేదు” అని రాయించండి. అనుభవజ్ఞులు కూడా అలాగే రాస్తారు. మరుసటి చలికాలం అదే గట్టు మీదికి ఆ పుస్తకంతోనే వెళ్లండి.